ఇంటి కారుతో ఆటోక్రాస్: టైర్ల ఎంపిక

మూసి ఉన్న మైదానంలో కోన్లతో గుర్తించిన వంకరల దారిని ఒక్కొక్క కారు విడివిడిగా, గడియారంతో మాత్రమే పోటీ పడుతూ పూర్తి చేసే మోటారు క్రీడను ఆటోక్రాస్ అంటారు. కార్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ పరుగెత్తే పందెం కాదిది. అందువల్లనే నిత్యం ఇంటి అవసరాలకు తిరిగే మామూలు కారుతోనూ ఇందులో పాల్గొనే వీలుంది.

పేరు ఒకటే అయినా ఈ క్రీడ అన్ని దేశాల్లో ఒకే నేలపై జరగదు. అమెరికాలో 1944లో ఏర్పడిన ఎస్.సి.సి.ఎ. అనే సంస్థ దీనిని సోలో పేరిట విశాలమైన పార్కింగ్ స్థలాల్లో, పాత విమానాశ్రయాల చదునైన కాంక్రీటుపై నిర్వహిస్తుంది. ఒక్కో పరుగు ఇంచుమించు నిమిషం ఉంటుంది. కోను ఒకటి పడితే సమయానికి 2 సెకన్లు కలుపుతారు. బ్రిటన్‌లో ఇదే మాటకు పచ్చిక, మట్టి నేలలపై జరిగే పోటీ అని అర్థం. భారతదేశంలో చెన్నై కేంద్రంగా గల భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య, అంటే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ., నియమావళి ప్రకారం జరిగే పోటీలు తరచు మట్టి మైదానాల్లోనే ఉంటాయి. తారు నేలపై జరిగేవీ ఉన్నాయి. కనుక టైరు గురించి ఆలోచించే ముందు పోటీ ప్రకటన తెప్పించుకుని నేల ఎటువంటిదో, టైర్లపై నిర్వాహకుల నిబంధన ఏమిటో చూడాలి. ఈ రెండూ తెలియకుండా దుకాణానికి వెళ్లడం డబ్బు వృథా.

పోటీకోసమే కారు ఉంచుకున్నవారికి టైరు ఎంపిక తేలిక. వారి టైర్లు ట్రక్కులో వస్తాయి, ట్రక్కులో వెళతాయి. హోసూరు, కోలారు, బళ్లారి వైపు పల్లెల్లో సంగతి వేరు. ఇంటికంతటికీ కారు ఒక్కటే. ఆదివారం కుమారుడు మైదానానికి తీసుకువెళ్లిన కారులోనే సోమవారం తాతగారిని వేలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి ఉంటుంది. పోటీలో ఒక్కో పరుగు నిమిషం. తిరుగు ప్రయాణం మూడు గంటలు, దారిలో వాన పడవచ్చు, లారీలు ఉంటాయి. అందుచేత ఇంటి కారుకు టైరు ఎంచుకోవడంలో తొలి పరీక్ష మైదానానిది కాదు, తడిసిన రహదారిది. ఆ పరీక్షలో నెగ్గిన టైర్లలో నుంచే పోటీకి అనువైనదానిని ఏరుకోవాలి.

టైరు పక్కగోడపై రాత

2018 నుంచి 2024 వరకు వచ్చిన స్విఫ్ట్ కారు పై రకాలకు అమర్చిన 185/65 R15 టైరును ఉదాహరణగా తీసుకోవచ్చు. 185 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. ఆ వెడల్పులో 65 శాతం పక్కగోడ ఎత్తు. R అంటే రేడియల్ నిర్మాణం. 15 అనేది అంగుళాల్లో రిమ్ము కొలత. దాని పక్కనే 88H వంటి గుర్తు ఉంటుంది. 88 బరువు సూచిక: ఒక్కో టైరు గరిష్ఠంగా 560 కిలోలు మోయగలదు. H అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకొనే నిర్మాణం. T అయితే 190, V అయితే 240. ఇంటిల్లిపాదీ సామానుతో పెళ్లికి బయలుదేరే కారుకు వేగపు అక్షరం కంటే బరువు అంకె ముఖ్యం. కంపెనీ సూచించిన అంకెకు తక్కువైన టైరును ఏ కారణంచేతనూ వేయరాదు.

నాలుగు అంకెల తేదీ మరొకటి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. చవకగా వస్తున్నదని చెప్పే టైరుకు ముందు ఈ అంకె చూడాలి. ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడుతుంది. గాడులు లోతుగా కనిపిస్తూనే తడి రోడ్డుపై పట్టు తగ్గిపోతుంది. ఆరేళ్లు దాటిన టైరుతో పోటీకి దిగకపోవడం మంచిది. కారు టైర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2011 నుంచి తప్పనిసరి అయింది. అది లేని టైరును పక్కన పెట్టవలసినదే.

గాడుల లోతు విషయంలో కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు టైరుకు 1.6 మిల్లీమీటర్లు కనీసం ఉండాలి. గాడి అడుగున చిన్న దిమ్మెలా కనిపించే అరుగుదల గుర్తు ఈ లోతునే సూచిస్తుంది. అయితే ఇది చట్టం చెప్పే అంచు మాత్రమే. గాడులు అరిగేకొద్దీ నీటిని పక్కకు నెట్టే శక్తి తగ్గి, వేగంలో టైరు నీటిపై తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. పొడి నేలపై జరిగే పోటీకి అరిగిన టైరు ఒక్కోసారి మేలని అనుభవజ్ఞులు చెప్పేది నిజమే. అరిగిన గాడి దిమ్మెలు తక్కువ వంగుతాయి కాబట్టి కారు చురుకుగా తిరుగుతుంది. ఆ టైరుతోనే వానలో ఇంటికి రావాలన్నది మరువరాదు.

ట్రెడ్‌వేర్ అంకె ఏమి చెబుతుంది

అమెరికా ప్రభుత్వ నియమం ప్రకారం అక్కడ అమ్మే కారు టైర్లపై ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. మన దుకాణాల్లోని కొన్ని టైర్లపైనా ఇది కనిపిస్తుంది. ప్రమాణంగా తీసుకున్న టైరుకు 100 ఇచ్చి, టెక్సాస్ రాష్ట్రపు రహదారులపై 7,200 మైళ్లు, అంటే సుమారు 11,600 కిలోమీటర్లు నడిపి అరుగుదలను పోల్చుతారు. అంకె పెరిగేకొద్దీ టైరు ఎక్కువ కాలం మన్నుతుందని భావం. మెత్తని రబ్బరు నేలను బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. కనుక తక్కువ అంకె ఎక్కువ పట్టుకు గుర్తుగా చెలామణి అవుతోంది. కాని అంకెను నిర్ణయించేది తయారీదారే. ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి ఇది పనికివస్తుంది. ఒక కంపెనీ 300ను మరొక కంపెనీ 300తో సమానమనుకోవడం పొరపాటు.

ఎస్.సి.సి.ఎ. వీధి టైర్ల తరగతిలో ఈ అంకె 200కు తగ్గరాదు. దానితో సరిగ్గా 200 అంకె గల, పోటీని దృష్టిలో పెట్టుకుని తయారైన టైర్లు అక్కడ పేరుపొందాయి. యొకొహామా అడ్వాన్ ఎ052, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టి660 అటువంటివి. అంకె ఒకటే అయినా గుణం ఒకటి కాదు. ఎ052 చల్లగా ఉన్నప్పుడే మొదటి పరుగులో గట్టిగా పట్టుకుంటుంది. వెంటవెంటనే పరుగులు తీస్తే వేడెక్కి పట్టు సడలుతుంది. ఇద్దరు డ్రైవర్లు ఒకే కారు పంచుకొనే చోట పరుగుకూ పరుగుకూ మధ్య టైర్లపై నీళ్లు చల్లడం అందుకే. సర్క్యూట్ రేసుల టైరు మరొక విధం: దానికి చాలా దూరం నడిస్తే గాని వేడి ఎక్కదు, ఆటోక్రాస్ పరుగు అంతకుముందే ముగిసిపోతుంది.

అమెరికాలో ఉన్న బంధువుల మాట విని ఇటువంటి టైరుకోసం వెదికేవారు ఉన్నారు. మన చిన్న కార్ల కొలతల్లో అవి మామూలు దుకాణాల్లో దొరకడం అరుదు. దొరికినా మే నెల ఎండలో రోజూ తారు రోడ్డుపై తిరిగే కారుకు అంత మెత్తని రబ్బరు నిలవదు. పేరున్న కంపెనీ వీధి టైర్లలో తడి పట్టుకు మంచి పేరున్నది, పక్కగోడ కొంత బిగువుగా ఉన్నది ఎంచుకోవడమే ఆచరణయోగ్యం. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారం ఉంది, తమిళనాడు సరిహద్దుకు చేరువన చినపాండూరులో అపోలో కర్మాగారం 2020లో ఉత్పత్తి ప్రారంభించింది. మన ప్రాంతపు టైరు అన్న అభిమానం సహజమే గాని, ఒకే కంపెనీలో పెట్రోలు ఆదాకై చేసిన గట్టి రబ్బరు టైరు, పట్టుకై చేసిన టైరు రెండూ ఉంటాయి. కంపెనీ పేరు కాక రకం పేరు అడగాలి.

ధర విషయంలో ఒక మాట. రాష్ట్రానికొక పన్ను ఉన్న రోజుల్లో సరిహద్దు దాటి టైర్లు కొనే అలవాటు ఉండేది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ఆ తేడా పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్లపై పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గింది. హామీ కోరేటప్పుడు బిల్లే ఆధారం కనుక, బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న బేరానికి లొంగకపోవడం మేలు.

వెడల్పు పెంచే ముందు

వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందన్న నమ్మకం ప్రబలంగా ఉంది. కొంతవరకు నిజం. 185/65 R15 టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. 195/60 R15 వేస్తే 615. తేడా ఒక శాతం మాత్రమే కాబట్టి స్పీడోమీటరు, గేర్ల లెక్క పెద్దగా మారవు, పక్కగోడ తగ్గినందున వంపుల్లో కారు తక్కువ ఊగుతుంది. 195/65 R15 అయితే వ్యాసం 634.5కు పెరిగి కారు మందగిస్తుంది, పూర్తిగా స్టీరింగు తిప్పినప్పుడు టైరు ఒరుసుకోవచ్చు. రిమ్ము వెడల్పు ఆ టైరుకు సరిపోతుందో లేదో కంపెనీ పట్టికలో చూడాలి. పక్కగోడ మరీ పలచనైన టైరు పల్లె రోడ్ల గుంతల్లో రిమ్మును వంచుతుంది. గుంతల దారిన రోజూ తిరిగే కారుకు కంపెనీ కొలతను మార్చకపోవడమే ఉత్తమం.

గాలి

ఆటోక్రాస్‌లో ఖర్చు లేకుండా సమయం తగ్గించే సాధనం గాలి ఒత్తిడే. పంక్చరు దుకాణాల్లో పాయింట్లు అనేది పి.ఎస్.ఐ. కొలతనే. డ్రైవరు తలుపు వద్ద అంటించిన పట్టీలో 32 అని ఉంటే, తారు నేలపై పోటీకి ముందు చక్రాలను 36 పాయింట్లతో మొదలుపెట్టవచ్చు. టైరు అంచు నుంచి పక్కగోడ వరకు సుద్దముక్కతో మూడు చోట్ల గీత గీసి ఒక పరుగు తీయాలి. గీత పక్కగోడపై కూడా చెరిగిపోతే టైరు ఒరిగిపోతున్నదని అర్థం, రెండు పాయింట్లు పెంచాలి. అంచుపైనే గీత మిగిలి ఉంటే తగ్గించాలి. పక్కగోడపై ముద్రించిన గరిష్ఠ ఒత్తిడిని మాత్రం దాటరాదు. మట్టి నేలపై ఈ లెక్కలు వర్తించవు. పట్టీ అంకెకు దగ్గరగా ఉండటమే క్షేమం.

ముందు చక్రాలతో నడిచే మన చిన్న కార్లు వంపులో బయటికి తోసుకుపోతాయి. దానిని తగ్గించడానికి పోటీదారులు వెనుక టైర్లలో గాలి బాగా పెంచి, వెనుక భాగం త్వరగా జారేలా చేస్తారు. మైదానంలో అది నేర్పు. అదే గాలితో వానలో ఘాటు రోడ్డు దిగితే వెనుక సీటులో పిల్లలున్న కారు గిర్రున తిరిగిపోయే ప్రమాదం ఉంది. కొత్త టైర్ల సంగతీ ఇంతే. పోటీకి మంచి టైర్లు ముందు ఉండాలి. రహదారికి మాత్రం తక్కువ అరిగిన జత వెనుక ఉండాలన్నది టైరు కంపెనీల సలహా, ఎందుకంటే తడి రోడ్డుపై వెనుక జారిన కారును సామాన్య డ్రైవరు అదుపు చేయలేడు. ఈ రెండింటికీ రాజీ లేదు. పోటీ ముగిశాక జాకీ వేసి మార్చుకోవలసినదే. ఒకే ఇరుసుపై రెండు రకాల టైర్లు ఎన్నడూ ఉండరాదు.

పరుగుల వేడికి టైరులో ఒత్తిడి పెరుగుతుంది. 10 డిగ్రీల సెల్సియస్‌కు ఇంచుమించు ఒకటిన్నర పాయింటు. వేడి మీద గాలి వదిలి పట్టీ అంకెకు తెచ్చి ఇంటికి వస్తే, మరునాటి ఉదయానికి చల్లబడి అంతకంటే తక్కువకు పడిపోతుంది. చల్లారాక మళ్లీ కొలవడం అవసరం.

మట్టి మైదానమైతే

కోలారు వైపు గులకరాళ్ల నేల టైరు పక్కగోడను కోస్తుంది. బళ్లారి, రాయచూరు నల్లరేగడి తడిస్తే గాడుల్లో నిండి టైరును నున్నని బంతిగా చేస్తుంది. ఇటువంటి చోట వీధి టైరు రబ్బరు మెత్తదనం కంటే గాడుల వెడల్పు, పక్కగోడ బలం ముఖ్యం. తరచు మట్టిపై పోటీ చేయదలచినవారు పాత ఇనుప రిమ్ములపై మరొక నాలుగు టైర్లు ఉంచుకోవడం చివరికి చవక, ఎందుకంటే ఇంటి టైర్లు అరగవు. రీట్రెడ్ చేసిన టైర్లను మాత్రం ఈ పనికి వాడరాదు. పక్కకు పడే ఒత్తిడికి పైపొర ఊడిపోగలదు.

బీమా సంగతి ఇంట్లో పెద్దలకు ముందే తెలిసి ఉండాలి. మన దేశంలో సాధారణ కారు పాలసీ వ్యవస్థీకృత రేసులకు, వేగ పరీక్షలకు వర్తించదు. మైదానంలో దెబ్బతిన్న కారు ఖర్చు కుటుంబానిదే. మైదానం బయట ప్రజా రహదారిపై సాధన చేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

చివరి పరుగు అయ్యాక బయలుదేరే ముందు చక్రాల బోల్టులు బిగించి, గాడుల్లోని రాళ్లు తీసి, పక్కగోడ లోపలి వైపు కూడా చేతితో తడిమి చూడాలి. అక్కడ ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగినట్టే. దానికి మరమ్మతు లేదు. స్టెప్నీ వేసుకుని నెమ్మదిగా రావాలి. కొన్ని కార్ల స్టెప్నీ చిన్న కొలతది, గంటకు 80 కిలోమీటర్లకు మించి నడపరాదని దానిపైనే రాసి ఉంటుంది. పోటీకి ముందురోజు స్టెప్నీలో గాలి చూసుకోవడం చాలామంది మరిచే పని.