రాచపుండు – నరముల త్రోవ

రాచపుండు దేహములో లింఫునాళముల ద్వారా, రక్తనాళముల ద్వారా వ్యాపించునని శ్రోతలు వినియే ఉందురు. మూడవ త్రోవ నరము. తల, మెడ భాగముల కంతులు నరముల వెంట ప్రాకుటను 19వ శతాబ్దిలోనే ఐరోపా వైద్యులు గమనించి వ్రాసినారు. గర్భాశయ ముఖపు కాన్సరులో ఈ ప్రశ్న శస్త్రచికిత్స మూలమున ముఖ్యమైనది.

1898లో వియన్నాలో వెర్ట్‌హైమ్ గర్భాశయమును చుట్టుపట్ల కణజాలముతో సహా తొలగించు చికిత్సను చేపట్టినాడు. ప్రాణము దక్కినను, మూత్రాశయపు నరములు తెగి పలువురు స్త్రీలు బాధపడినారు. 1961లో జపానులో కొబయాషి ఆ నరములను కాపాడు పద్ధతిని వివరించినాడు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది: కాపాడిన నరములోనే వ్యాధి దాగియున్నచో?

2000 తరువాతి పరిశీలనలలో, నరము సోకిన రోగులలో కంతి పెద్దదై, లోతుగా దిగి, లింఫు గ్రంథులకును ప్రాకియుండుట తరచుగా కనబడినది. అట్టివారి ఆయుఃప్రమాణము తక్కువయని పెక్కు పరిశీలనలు చెప్పినవి. అయితే నరము సోకుట ఒక్కటియే ఫలితమును నిర్ణయించునా అను విషయమున ఏకాభిప్రాయము లేదు.

శ్రీకాకుళం, విజయనగరం సీమల రోగులకు 1923 నుండి విశాఖపట్నపు కింగ్ జార్జి ఆసుపత్రి పెద్ద దిక్కు. అంత దూరము పోవుటకు జంకి, ముట్లుడిగిన పిదప కనబడిన రక్తస్రావమును దాచుకొనువారు కలరు. వారికి మేము చెప్పునది ఒక్కటే: వ్యాధి నరమును చేరుటకు కాలము పట్టును, ఆ కాలమే మనకు మిగిలిన అవకాశము. దానిని సిగ్గుకు బలియీయరాదు.