నీళ్ల లెక్క, నీడ లెక్క: నాగార్జున విశ్వవిద్యాలయం యాభై ఏళ్లు

మన ప్రాంతంలో ఎమ్మే, ఎమ్మెస్సీ చదవాలంటే ఒకప్పుడు వాల్తేరు రైలెక్కాలి. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ సెంటర్ తెరవడంతో ఆ దూరం తగ్గింది. ఆ సెంటరే పెరిగి పెద్దదై 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఆ ఏడాది సెప్టెంబరు 11న అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దాన్ని ప్రారంభించారు. 2004లో పేరు ముందు ‘ఆచార్య’ చేరింది. తుళ్లూరు, పెదపరిమి, తాడికొండ వంటి ఊళ్లలో పత్తి, మిర్చి అమ్మిన డబ్బుతో పిల్లలకు ఫీజులు కట్టిన ఇళ్లకు ఇది కేవలం ఒక విద్యాసంస్థ కాదు, తమ చేలు పండించిన చదువు. యాభై ఏళ్లు నిండుతున్న ఈ వేళ ఆ చేల తరఫున ఒక మాట అడగాలని ఉంది. మనం చదువు చెప్పే ఈ ఆవరణ తన నేలను, నీటిని, గాలిని ఎలా చూసుకుంటోంది?

ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. విశ్వవిద్యాలయం ఏ ఆచార్యుడి పేరు పెట్టుకుందో ఆయనే ఒక రాజుకు రత్నావళి అనే హితలేఖ రాశారు. పరిపాలన ఎలా ఉండాలో చెబుతూ నీళ్లు దొరకని దారుల్లో చలివేంద్రాలు పెట్టించమన్నారు. అక్కడితో ఆగలేదు. చలివేంద్రం దగ్గర చెప్పులు, గొడుగులు, నీళ్లు వడకట్టే గుడ్డ, ముల్లు తీసే పట్టుకారు, సూది, దారం, విసనకర్ర ఉంచమన్నారు. చీమల పుట్టల దగ్గర కూడా తిండీ నీళ్లూ పెట్టించమన్నారు. ధర్మం పెద్ద మాటల్లోనే కాదు, ఇలాంటి చిన్న ఏర్పాట్లలోనూ ఉంటుందని ఆ మాటలు చెబుతాయి. పర్యావరణం గురించి మన క్యాంపస్ ఏం చేయాలో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

ప్రపంచం ఈ సంగతిని ఆలస్యంగా పట్టించుకుంది. మానవ పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి స్టాక్‌హోంలో తొలి మహాసభ పెట్టింది 1972లో, అంటే మన విశ్వవిద్యాలయం పుట్టడానికి నాలుగేళ్ల ముందు. 1990లో పలు దేశాల విశ్వవిద్యాలయాధిపతులు ఫ్రాన్స్‌లోని తల్వార్‌లో కలిసి, చదువులోనూ క్యాంపస్ నిర్వహణలోనూ పర్యావరణానికి చోటిస్తామని ప్రకటన చేశారు. 1991లో మన సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. అలా పర్యావరణం సిలబస్‌లోకి వచ్చింది, పరీక్షల్లోకీ వచ్చింది. అది హాస్టల్ వంటశాలలోకి, మోటారు షెడ్డులోకి, డాబా మీదికి కూడా రావాలి.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. మనకు ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండు వేల చదరపు మీటర్ల డాబా ఉన్న భవనం మీద ఏడాదిలో పడే నీరు 16 లక్షల లీటర్లు. అందులో సగం పట్టుకున్నా 8 లక్షలు. ఒక్కొక్కరికి రోజుకు వంద లీటర్ల చొప్పున వేసుకుంటే రెండు వందల మంది ఉన్న హాస్టల్‌కు నలభై రోజులు సరిపోతాయి. ఏ క్యాంపస్‌లోనైనా జోరు వానలో డాబా గొట్టం దగ్గర నిలబడి చూడండి. ఎర్రటి దుమ్ముతో మొదటి నీళ్లు దూకుతాయి, పది నిమిషాలకు తేటపడతాయి. ఆ తేట నీళ్లే సిమెంటు రోడ్డు మీదుగా పోయి కాలవలో కలుస్తాయి. సాయంత్రానికి మళ్లీ బోరు మోటారు వేస్తారు.

ఇంకుడు గుంతలు తవ్వితే చాలనుకుంటాం. నల్లరేగడిలో అది అంత తేలిక కాదు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్లిచ్చే ఈ నేల, తడిస్తే ఉబ్బి నోరు మూసుకుంటుంది. పుస్తకంలో చెప్పిన కొలతతో తవ్విన గుంతలో నీళ్లు దిగవు, దోమలు పెరుగుతాయి. పునాదుల పక్కన తడి నిలిస్తే గోడలు నెర్రెలిస్తాయి. అందుకే మన పెద్దలు ఇక్కడ చెరువులు, కుంటలు తవ్వారు. క్యాంపస్‌లోనూ పల్లం చూసి కుంట తవ్వి డాబాల నీళ్లన్నీ అందులోకి మళ్లించాలి. స్నానాల గదుల నీటిని శుద్ధి చేసి చెట్లకు పెట్టాలి. తాగే నీటిని గడ్డి పచ్చికలకు పోసే అలవాటు మానాలి.

ఆ తర్వాత నీడ. మన జిల్లాల ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఇటువైపుదే. త్వరగా పచ్చగా కనిపిస్తాయని కోనోకార్పస్ లాంటి పరాయి చెట్లు వరసగా నాటే కంటే వేప, కానుగ, నేరేడు, చింత, రావి నాటితే పిట్టలకు గూళ్లు, మనుషులకు నీడ దొరుకుతాయి. ఇక ఎండనే కరెంటుగా మార్చే పని. ఒక కిలోవాట్ సౌర పలకలకు సుమారు పది చదరపు మీటర్ల డాబా చాలు, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. వంద కిలోవాట్లు పెడితే రోజుకు నాలుగు వందల యూనిట్లు. అయితే కొత్త భవనాన్ని పడమటి ఎండ సూటిగా తగలకుండా, వరండాలతో, గాలి ఆడేట్టు కడితే అసలు ఏసీల అవసరమే బాగా తగ్గుతుంది. ఆదా చేసిన యూనిట్ కంటే చవకైన యూనిట్ లేదు.

ఈ జాగ్రత్తలు మన మైదానానికి మరీ ముఖ్యం, ఎందుకంటే లెక్క తప్పితే ఏమవుతుందో ఇక్కడ కళ్లారా చూశాం. 1980లలో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి అప్పులపాలైన గుంటూరు, ప్రకాశం రైతులు 1987-88లో ప్రాణాలు తీసుకున్నారు. 1922 నుంచి ఉన్న లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం తెల్లదోమను తట్టుకునే పత్తి రకాలను ఇచ్చింది. శాస్త్రం రైతుకు ఆసరాగా నిలిచిన తీరు అది. మన రసాయన, జీవశాస్త్ర ప్రయోగశాలలు చుట్టుపక్కల ఊళ్ల బావి నీటిని, చేల మట్టిని ఏటా పరీక్షించి ఫలితాలను తెలుగులో ఊరి బోర్డు మీద రాయించగలిగితే, క్యాంపస్ పచ్చదనం గోడ దాటి చేలోకి వెళ్తుంది.

ఇప్పుడు మనకు కొత్త పొరుగువారూ వచ్చారు. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఆ ప్రాంతంలోనే ఐనవోలులో విట్-ఏపీ, నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం 2017లో తరగతులు మొదలుపెట్టాయి. కొండవీటి వాగు పొంగితే ముందు తడిసేది ఆ నేలే. ఒకప్పుడు పంట చేలు పీల్చుకున్న వాన ఇప్పుడు కాంక్రీటు మీద నుంచి జారి వాగులోకి చేరుతుంది. ఆ నీటిని ఎక్కడికక్కడ నిలపాల్సిన బాధ్యత అన్ని క్యాంపస్‌లదీ. వయసులో పెద్దదైన మన విశ్వవిద్యాలయం ముందుండి వాళ్లను కలుపుకుపోవాలి. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తుంటే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. నేల విలువ విద్యార్థులకు తెలుసు. వాళ్లకు పని అప్పగించడమే మన వంతు.

అన్నిటికంటే ముందు కావలసింది లెక్క. ఎన్ని మందులు కొట్టాడో, ఎంత కూలి ఇచ్చాడో, యార్డుకు ఎన్ని టిక్కీలు తోలాడో మిర్చి రైతు నోటి మీద చెబుతాడు. విశ్వవిద్యాలయం కూడా అలాగే చెప్పగలగాలి. ఈ ఏడాది ఎన్ని లీటర్లు తోడాం, ఎన్ని యూనిట్లు కాల్చాం, హాస్టళ్లలో ఎంత అన్నం పారేశాం, ఎంత చెత్త బయటికి పంపాం, నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి? ప్రతి శాఖకూ, ప్రతి హాస్టల్‌కూ విడిగా మీటరు పెట్టి, ఆ అంకెలను ఏటా స్నాతకోత్సవం నాడు అందరి ముందూ చదవాలి. అంకె బయటపడ్డాక పొదుపు దానంతటదే మొదలవుతుంది.

స్వర్ణోత్సవాలతోనే ఈ పని ఆరంభించవచ్చు. ఫ్లెక్సీల బదులు గుడ్డ బ్యానర్లు కట్టిద్దాం. అతిథులకు మంగళగిరి చేనేత కండువా కప్పుదాం. భోజనాలు అరిటాకుల్లో వడ్డించి, మిగిలిన ఆకులూ అన్నమూ ఎరువు గుంతకు, గోబర్ గ్యాస్ ప్లాంటుకు పంపుదాం. దూరప్రాంతాల నుంచి వచ్చే పూర్వ విద్యార్థులకు నంబూరు రైల్వే స్టేషన్ నుంచి బస్సులు నడుపుదాం. విరాళమిచ్చే పూర్వ విద్యార్థులను శిలాఫలకానికి కాదు, ఒక కుంటకు, ఒక డాబా మీది సౌర పలకలకు, వంద చెట్ల ఐదేళ్ల సంరక్షణకు అడుగుదాం. వచ్చే స్నాతకోత్సవానికి మొదటి లెక్క సిద్ధం చేద్దాం. అది బాగుండకపోయినా సరే, దాచకుండా చదువుదాం.