ఈ రాళ్లు ఎందుకని పిల్లలు అడిగితే



మన పాత పాస్టరు ఇంటి ముందు గది మరమ్మతు పూర్తయిందని మీకు తెలుసు. పెంకులు మార్చాం, గోడలకు సున్నం వేశాం. లాంతరు, చేతి గంట, పాత కీర్తనల పుస్తకాలు, పిడికెడు బియ్యం కుండ బల్లల మీద సర్ది, పక్కన అట్ట ముక్కలపై వివరాలు రాశాం. పని అయిపోయిందనే అనుకున్నాం.

ఆ ఆదివారం ఆరాధన తర్వాత ఒక పెద్దమ్మగారు గది చూడటానికి వచ్చారు. ఆమెకు చదువు రాదు. మనవడు ఒక్కొక్క అట్ట చదివి వినిపించాడు. అంతా విని ఆమె ఒకటే మాట అడిగారు: "అయ్యగారూ, మా అమ్మ పేరు ఏదయ్యా?" ఆ తల్లి మన ఊళ్లలో బైబిలు ఉమన్‌గా నడిచి తిరిగిన మనిషి. మా అట్టల మీద దొరల పేర్లున్నాయి, పాస్టర్ల పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. మేము జవాబు చెప్పలేకపోయాం.

ఆ వారంలోనే మేము కొందరం రాజమండ్రి వెళ్లి కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూశాం. 1848లో పుట్టి 1919లో కన్నుమూసిన ఆ సంస్కర్త నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన క్రైస్తవుడు కారు, బ్రహ్మసమాజం వైపు నడిచినవారు. అయినా విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిర్మలమైన భక్తి అని యాకోబు పత్రిక చదివే మనకు ఆ ఇంటి దగ్గర నేర్చుకునేది చాలా ఉంది.

1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ అనే బాలవితంతువు, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ఆ ఉద్యమానికి డబ్బు ఇచ్చారు. ఊరు మాత్రం వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు. అప్పుడు గోదావరి నుండి నీళ్లు మోసి, వంట చేసి పెట్టింది ఎవరు? పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆశ్రయం కోసం వచ్చిన వితంతువులకు 1910లో చనిపోయే వరకు ఆమే తల్లి.

పంతులుగారి పత్రిక వివేకవర్ధని, ఆయన గ్రంథాలు, ఆయన స్వీయచరిత్ర అచ్చులో మిగిలాయి. రాజ్యలక్ష్మమ్మగారు మోసిన నీళ్లు మాత్రం ఆ రోజే ఖర్చయిపోయాయి. నీళ్లు మోసినవారు చరిత్రలో అంత సులువుగా జారిపోతారు. అలాంటి ఇంట్లో ఎవరో ఒకరు నిలబడి చెప్పకపోతే, చూడవచ్చిన పిల్లవాడికి కుర్చీ కుర్చీగానే కనబడుతుంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించాడు. రాళ్లు నిలబెట్టమని మాత్రమే దేవుడు చెప్పలేదు. పిల్లలు వాటి అర్థం అడుగుతారు, మీరు చెప్పాలి అన్నాడు. రాయి ఉండి చెప్పే నోరు లేకపోతే ఆజ్ఞ సగమే నెరవేరినట్టు. రోమా పత్రిక పదహారవ అధ్యాయం చూడండి. ఫీబే, మరియ, పెర్సిసు అంటూ పౌలు ప్రయాసపడిన స్త్రీల పేర్లు వరుసగా చెబుతాడు. పత్రిక చేత్తో రాసిన తెర్తియుకు కూడా అందులో చోటు దొరికింది.

మామిడి తోటల్లో పుట్టి పెరిగిన మనకు ఇంకో పోలిక చాలు. అంటు కట్టిన చిన్నరసం కాయను చూసి అందరం మెచ్చుకుంటాం. కింద మట్టిలో ఉన్న నాటు టెంక మొక్క వేరును ఎవరూ అడగరు. ఆ వేరు ఎండితే కొమ్మ మీద రసమేది?

అందుకే అట్టలన్నీ తీసేశాం, మళ్లీ రాస్తున్నాం. అక్షరాలు పెద్దవిగా, పిల్లల కంటికి అందే ఎత్తులో ఉంటాయి. ప్రతి వస్తువు దగ్గర రెండు మాటలు ఉంటాయి: దీన్ని ఎవరు వాడారు, అందుకోసం ఏమి పోగొట్టుకున్నారు. చదువు రానివారికి ఆదివారం స్కూలు పిల్లలు చదివి చెబుతారు. మూలన ఉన్న పిడికెడు బియ్యం కుండ గుమ్మం ఎదురుగా వస్తుంది. అన్నం వండే ముందు గుప్పెడు తీసి పక్కన పెట్టిన తల్లుల బియ్యంతోనే ఈ సంఘం నిలబడింది. ఆ కుండ పక్కన మొదటి పేరుగా ఆ బైబిలు ఉమన్ పేరు రాశాం. పెద్దమ్మగారు ఆ అక్షరాలను వేలితో తడిమి చూసుకున్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే దగ్గర కూర్చోండి. గుడికి మట్టి మోసిందెవరు, రాత్రి కూటానికి దీపం పట్టిందెవరు అని అడిగి పేర్లు రాసి పంపండి. తోటల్లో కోతలు మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు, పెద్దవాళ్లు మరో కోత వరకు ఉంటారో లేదో ప్రభువుకే తెలుసు. పేరు దొరకని చోట "పేరు దేవునికి తెలుసు" అని రాస్తాం. అయితే మనం అడగకపోవడం వల్ల ఆ మాట రాయవలసి రాకూడదని ప్రార్థించండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.