సభాస్థలమూ, వాక్స్వాతంత్ర్యమూ

సభ ఏ ఊళ్ళో జరపాలన్నది వసతికీ, రైలు సౌకర్యానికీ సంబంధించిన చిన్న విషయమని చాలామంది తలుస్తారు. ఆతిథ్యమిచ్చే పాలకుడెవరు, అతని గడ్డమీద ఏ మాట అనవచ్చు అన్నవే అసలు ప్రశ్నలని నా అభిప్రాయం. మా కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల గతమే ఇందుకు సాక్ష్యం.

నిజాం సర్కారు ఉత్తర్వుల ప్రకారం అనుమతి లేనిదే రాజకీయసభ జరపరాదు. అందుచేత హైదరాబాదు రాజకీయ మహాసభలు సంస్థానం సరిహద్దు దాటిపోయి 1923లో కాకినాడలోనూ, 1926లో బొంబాయిలోనూ, 1928లో పూనాలోనూ, 1931లో అకోలాలోనూ జరిగాయి. అక్కడ నిజామును విమర్శించవచ్చు. కాని ఎవరి బాధల గురించి ఆ విమర్శో, ఆ ఎల్లారెడ్డి రైతుకు అకోలా దాకా వెళ్ళే స్తోమత ఎక్కడిది?

ఆంధ్రమహాసభ మరో దారి పట్టింది. 1930లో జోగిపేటలో మొదలై, 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన మా పొరుగున నిజామాబాదులో సమావేశమైంది. అనుమతి కోసం తొలినాళ్ళలో రాజకీయాలను పక్కకు పెట్టవలసివచ్చింది. మాట తగ్గింది, వినవలసినవాడు మాత్రం ఎదుటనే ఉన్నాడు. ఆ సభే 1944లో భువనగిరి నాటికి రావి నారాయణరెడ్డిగారి నాయకత్వంలో రైతాంగ పోరాట సంస్థగా మారింది.

ఇంటర్నెట్ యుగంలోనూ ఇదే చిక్కు. 2005 నవంబరులో సమాచార సమాజంపై ఐక్యరాజ్యసమితి శిఖరాగ్రసభ ట్యునిస్‌లో జరిగింది. విమర్శించే వెబ్‌సైట్లను మూసిపెట్టిన ప్రభుత్వమే ఆతిథేయి! ఇంటర్నెట్‌లో విమర్శించిన పౌరులను జైళ్ళలో పెట్టడం తగదని స్విట్జర్లాండు అధ్యక్షుడు శామ్యూల్ ష్మిడ్ అనగానే అక్కడి టెలివిజన్ ప్రసారం ఆపేసింది.

మన సంగతి? 2008 డిసెంబరు 3 నుండి 6 వరకు ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం హైదరాబాదులోనే జరిగింది. అదే నెల 22, 23 తేదీల్లో పార్లమెంటు సమాచార సాంకేతిక చట్టాన్ని సవరించింది. చికాకు కలిగించే సందేశానికి మూడేళ్ళ దాకా జైలు విధించే 66ఎ సెక్షన్ అలా వచ్చింది. దాన్ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. వెబ్‌సైట్లను మూయించే 69ఎను మాత్రం నిలబెట్టింది.

నిర్బంధమున్న ప్రతి దేశాన్నీ బహిష్కరిస్తే అక్కడి ప్రజలు ఒంటరివారౌతారు. నోరుమూసుకుని వెళ్తే పాలకులకు గౌరవం అరువిచ్చినట్లౌతుంది. అతిథికి నాలుగు రోజులు తెరిచే తలుపు ఎల్లారెడ్డి విద్యార్థికి ఏడాది పొడుగునా తెరిచి ఉంటుందా? సభాస్థలాన్ని ఎన్నుకునేవారు ముందుగా అడిగి, జవాబు రాబట్టవలసిన ప్రశ్న ఇదే.