ఒక గుమాస్తా - పది పెట్టెలు

మన సంఘ కార్యదర్శిగారు ఈ ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇవ్వవలసినదని కోరినప్పుడు మేము కొంత జంకిన మాట నిజం. శాతవాహనులను గురించి, కృష్ణదేవరాయలను గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా కుదిరినవారము. మాకు తెలిసినదల్లా ఇండెంటు, రసీదు, డెలివరీ పుస్తకం. అయితే మనం కాపురముంటున్న ఈ ఒడిశా గడ్డ మీద, మనకు అన్నం పెట్టే ఈ రైలు మార్గం ప్రక్కన, నూరేళ్ళ క్రిందట ముగిసిన ఒక కథ ఉన్నది. దానికి మొదలు కలకత్తాలో ఒక గుమాస్తా సరుకు విడిపించిన కాగితం. కనుక దానిని చెప్పే అధికారం మాకూ కొంత ఉన్నదని ధైర్యం చేస్తున్నాము.

ముందుగా చట్టం సంగతి. 1878 లో ఆంగ్ల ప్రభుత్వం ఆయుధ చట్టం చేసింది. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదు, విదేశం నుంచి తెప్పించుకొనరాదు. తెల్లవారికి మాత్రం ఆ తొలిరోజులలో మినహాయింపు ఉండేది. తుపాకి మాటే కాదు, దాని విడిభాగాలు కూడా ఆ చట్టం దృష్టిలో ఆయుధాలే. గొట్టం ఒక పెట్టెలో, కర్ర పిడి ఇంకొక పెట్టెలో తెప్పించి ఇంట బిగించుకుందామంటే కుదరదన్నమాట. స్వతంత్రం వచ్చాక 1959 లో మన పార్లమెంటు ఆ పాత చట్టం స్థానే క్రొత్తది చేసింది. భాగాలను కూడా ఆయుధాలుగా ఎంచే నియమం అందులోనూ ఉన్నది.

అందుచేత పరదేశపు తుపాకులు ఇక్కడికి వచ్చే రాజమార్గం ఒక్కటే. లైసెన్సు గల కంపెనీవారు ఆర్డరు పెట్టాలి. సరుకు ఓడలో రావాలి. కస్టమ్సు కచేరీలో కాగితాలు చూపి దానిని విడిపించాలి. కలకత్తాలో రోడ్డా కంపెనీ అట్టి తుపాకుల వర్తక సంస్థ. వారి సరుకును కస్టమ్సు నుంచి విడిపించి గిడ్డంగికి చేర్చే పని శ్రీశచంద్ర మిత్ర అనే గుమాస్తాది.

1914 ఆగస్టు 26, బుధవారం. ఇంగ్లండుకు జర్మనీకి యుద్ధం మొదలై మూడు వారాలు దాటింది. ఆనాడు ఆ గుమాస్తా 202 పెట్టెలను శాస్త్రోక్తంగా విడిపించాడు. సరుకు ఎద్దుబండ్ల మీద బయలుదేరింది. వాన్సిటార్ట్ రో లోని గిడ్డంగికి చేరినవి 192 పెట్టెలు. తక్కినవి తెస్తానని చెప్పి వెళ్ళిన గుమాస్తా మరల రాలేదు. ఒక బండిని తోలినవాడు నిజమైన బండివాడు కాడు. మారువేషంలో ఉన్న హరిదాస్ దత్తు అనే విప్లవకారుడు. కంపెనీవారు పోలీసులకు తెలిపేసరికి మూడు రోజులు గడిచినవి.

మా ఆఫీసులో ఒక్క పెట్టె తక్కువ వస్తే ఎన్ని కాగితాలు నడుస్తాయో మాకు తెలుసు. ఆ పది పెట్టెలలో ఉన్నవి 50 మౌజరు పిస్తోళ్ళు, 46,000 తూటాలు. పిస్తోళ్ళు జర్మనీ తయారీ. వాటికి ఒక ప్రత్యేకత ఉన్నది. పిస్తోలును దాచే చెక్క ఒరనే దాని పిడికి తగిలిస్తే, భుజానికి ఆనించి రైఫిలులాగా కాల్చవచ్చును. చూచేవారికి అది ఉత్త ఒర. తెలిసినవారికి అది తుపాకిలో సగం.

1918 లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన రౌలట్ కమిటీ ఈ పెట్టెల లెక్క వ్రాసింది. 44 పిస్తోళ్ళు 9 విప్లవ బృందాలకు పంపకమైనవి. 54 హత్యలలో, దోపిడీలలో, అట్టి ప్రయత్నాలలో అవి వాడబడ్డాయి. 31 మాత్రం తిరిగి పోలీసుల చేతికి చిక్కాయి. ఆ దోపిడీలలో నష్టపోయినవారిలో, ఆ తూటాలకు గురియైనవారిలో మన దేశస్థులు కూడా ఉన్నారు. స్వాతంత్ర్య చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాచడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఇది చిన్న ఆర్డరు. పెద్ద ఆర్డరు 1915 లో పెట్టారు. దానికి నాయకుడు జతీంద్రనాథ్ ముఖర్జీ. బాఘా జతీన్ అంటే దేశమంతా ఎరుగును. ఆయన కూడా ఒకప్పుడు ప్రభుత్వ కచేరీలో స్టెనోగ్రాఫరే. హౌరా కుట్ర కేసులో ఇరికించబడి, నిర్దోషిగా బయటపడినా ఉద్యోగం పోయింది. తరువాత జెస్సోర్ - ఝెనయిదా రైలు మార్గంలో కంట్రాక్టు పనులు చేశాడు. అనగా మన శాఖకు చుట్టమే.

శత్రువుకు శత్రువు మిత్రుడని తలచి వారు జర్మనీవారితో మంతనాలు జరిపారు. నరేంద్రనాథ్ భట్టాచార్య అనే యువకుడు మార్టిన్ అనే మారుపేరుతో బటేవియా వెళ్ళాడు. ఆయనే తరువాత ఎం.ఎన్. రాయ్ గా ప్రసిద్ధుడైనాడు. బటేవియా నుంచి కలకత్తాలో హారీ అండ్ సన్స్ అనే పేరుకు మాత్రపు వర్తక సంస్థకు జూన్, ఆగస్టు నెలల మధ్య 43,000 రూపాయలు పంపబడినవి. దాని శాఖ యూనివర్సల్ ఎంపోరియం అనే దుకాణం, మన బాలాసోరులోనే.

ముప్పది వేల రైఫిళ్ళు వస్తాయని వీరి ఆశ. అవి దిగగానే బెంగాలుకు సైన్యం రాకుండా మూడు రైలు మార్గాల వంతెనలు పేల్చాలని ఏర్పాటు. బాలాసోరు మీదుగా పోయే మద్రాసు మార్గం జతీంద్రుని వంతు. నేడు మనం విశాఖ నుంచి, బరంపురం నుంచి హౌరా వెళ్ళే మార్గం ఇదే. ఆనాడు అట్టి వంతెనల దగ్గర, స్టేషన్లలో కొలువు చేసినవారు మన తాతల వంటి పొట్టకూటి మనుషులు. ఆ పథకం నెరవేరి ఉంటే వారి గతి ఏమయ్యేదో అన్న ఆలోచన రైల్వేవారమైన మాకు తప్పదు.

సరుకు రాలేదు. అమెరికాలో ఆయుధాలను ఆనీ లార్సెన్ అనే తెరచాప ఓడలో ఎక్కించారు. మెక్సికోకు దూరంగా సొకోరో అనే దీవి దగ్గర మావెరిక్ అనే చమురు ఓడ వచ్చి వాటిని అందుకోవాలి. అక్కడి పనిలో గదర్ పార్టీవారి చేయి ఉన్నది. "నేనూ నా దేశం" వ్రాసిన మన దరిశి చెంచయ్యగారు ఆ పార్టీ సభ్యులే. మొదటి ఓడ దీవి దగ్గర కాచి కాచి, మంచినీళ్ళు అయిపోయి వెళ్ళిపోయింది. రెండవది తరువాత వచ్చి, ఎవరూ లేక, ఖాళీగానే జావా చేరింది. ఆయుధాలు జూన్ నెలలో అమెరికా ప్రభుత్వానికి పట్టుబడ్డాయి. లింకు రైలు తప్పిన ప్రయాణీకుని కథే ఇది.

సరుకు రాలేదు గాని, డబ్బు వచ్చిన జాడ మిగిలింది. ఆ జాడ పట్టుకొని పోలీసులు ఆగస్టు 7 న హారీ అండ్ సన్స్‌ను, సెప్టెంబరులో బాలాసోరు దుకాణాన్ని సోదా చేశారు. కప్తిపదలోని రహస్య స్థావరంలో సుందరవనాల పటం ఒకటి, మావెరిక్‌ను గురించిన పత్రికా ముక్క ఒకటి దొరికినవి.

1915 సెప్టెంబరు 9. బుఢాబలంగ నదికి చేరువలో చషాఖండ వద్ద అయిదుగురిని పోలీసులు చుట్టుముట్టారు. పోలీసుల చేతిలో రైఫిళ్ళు. వీరి చేతిలో మౌజరు పిస్తోళ్ళు. ముప్పది వేల రైఫిళ్ళకు ఎదురు చూచినవారికి కడకు మిగిలినవి అవే. చిత్తప్రియ రాయచౌధురి అక్కడనే నేలకొరిగాడు. జతీంద్రుడు మరునాడు బాలాసోరు ఆస్పత్రిలో కన్నుమూశాడు, వయస్సు 35. మనోరంజన్ సేన్‌గుప్త, నీరేంద్ర దాస్‌గుప్తలను ఉరితీశారు. జ్యోతిష్ పాల్‌కు ద్వీపాంతర శిక్ష పడింది.

రెండు ఆర్డర్లనూ ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే మాకొకటి తోస్తున్నది. రెండు ఓడలు, మహా సామ్రాజ్యపు ఖజానా, సముద్రాల అవతలి మంతనాలు చేయలేని పని ఒక గుమాస్తా ఒక బుధవారం నాడు చేశాడు. అతని దగ్గర ఉన్నది యజమాని నమ్మకం, సరియైన కాగితం, అంతే. ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడా, అంతకంటె పెద్ద నమ్మకాన్ని నిలబెట్టాడా? రోజూ ఇతరుల సరుకుకు రసీదులు వ్రాసే మేము ఈ ప్రశ్నకు సులువుగా జవాబు చెప్పలేకున్నాము. ఒక్కటి మాత్రం చెప్పగలము: ఆ పని చేసి అతడు సుఖపడలేదు. ఉద్యోగం, ఇల్లు, ఊరు విడిచి వెళ్ళినవాడు మరల తన బల్ల దగ్గరకు రాలేదు.

మనం పొట్ట చేతపట్టుకొని ఈ దేశం వచ్చాము. ఇక్కడి నీరు త్రాగుతున్నాము. ఇక్కడి కథలు కూడా మనవి కావాలి. ఈ యేడు పండుగకు స్వస్థలాలకు వెళ్ళి తిరిగివచ్చేటప్పుడో, హౌరా వెళ్ళేటప్పుడో, బాలాసోరు స్టేషను వస్తే పిల్లలను నిద్ర లేపండి. చషాఖండ ఆ చేరువలోనే ఉన్నదని, అక్కడ అయిదుగురు నిలబడ్డారని చెప్పండి. వారితోబాటు, పటంలోకి ఎక్కని ఆ గుమాస్తా పేరు కూడా ఒక్కసారి చెప్పండి: శ్రీశచంద్ర మిత్ర.

నూతన సంవత్సరం మనందరి ఇండ్లకు శుభం చేకూర్చుగాక!