ఉప్పాడలో ల్యాబ్రడార్ పెంచుతున్నారా? పెట్ ఇన్సూరెన్స్ కట్టే ముందు ఈ లెక్క చూడండి

ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు, వ్యాక్సిన్లు వేయించారు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే పెట్ ఇన్సూరెన్స్ యాడ్స్. కట్టాలా, వద్దా? సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఈ లెక్క కాస్త వేరు.

ల్యాబ్‌కు, చేపల వేటకు పాత సంబంధమే. దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో జాలర్లతో పనిచేసేవి. వలలు లాగేవి, జారిపోయిన చేపల్ని పట్టి తెచ్చేవి. అందుకే నీళ్లు చూస్తే ఆగదు. అసలు ఇబ్బంది ఈతతో కాదు, తిండితో. దాదాపు నాలుగో వంతు ల్యాబ్‌లలో ఆకలిని పెంచే జన్యు మార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు. ఉప్పాడ ఒడ్డున చేప ముక్క దొరికితే దాంతోపాటు గాలమో, వల ముక్కో కూడా మింగేస్తుంది. అది పేగులో అడ్డం పడితే ఆపరేషనే. పెద్ద వైద్యం కావాలంటే కాకినాడ వెళ్లాలి. తుపాను రోజుల్లో బీచ్ రోడ్డు సంగతి తెలిసిందే కదా!

ఇలాంటి ఖర్చుకే ఇన్సూరెన్స్ పనికొస్తుంది. ప్రభుత్వ రంగ కంపెనీల పాత కుక్కల పాలసీలు ఎక్కువగా కుక్క చనిపోతే డబ్బిచ్చేవి. 2020లో అప్పటి బజాజ్ అలయంజ్ తెచ్చిన పాలసీలో ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చులతోపాటు థర్డ్ పార్టీ లయబిలిటీ కూడా ఉంది. అంటే మీ కుక్క ఎవరినైనా కరిస్తే కట్టాల్సిన పరిహారం. ఇరుకు వీధుల్లో ఉండేవాళ్లు ఈ కవర్ వదులుకోవద్దు.

ఇక మెలిక ఎక్కడంటే.. ల్యాబ్‌లకు ఎక్కువగా వచ్చేది హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగా కుదరకపోవడం. వంశపారంపర్య జబ్బులకు డబ్బివ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. పాలసీకి ముందే ఉన్న జబ్బులకూ అంతే. వ్యాక్సిన్ వేయించకపోతే పార్వో లాంటి వాటికీ రాదు. తేమ వల్ల వచ్చే చెవి ఇన్ఫెక్షన్లు, పిడుదులతో వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర మామూలే. వీటికి ఓపీడీ కవర్ విడిగా తీసుకోవాలేమో అడగండి.

ఉదాహరణకు ప్రీమియం ఏడాదికి రూ.5,000 అనుకుందాం. ఆపరేషన్‌కు రూ.30,000 అయ్యి, అందులో 20 శాతం మీరే భరించాలంటే చేతికొచ్చేది రూ.24,000. దాదాపు ఐదేళ్ల ప్రీమియం. రెండేళ్లలోపు ల్యాబ్, అదీ ఒడ్డున తిరిగేదైతే ఆపరేషన్ కవర్ తీసుకోవడమే మేలు. ఎనిమిదేళ్లు దాటిందా? చాలా కంపెనీలు కొత్తగా తీసుకోవు, ఆ డబ్బు పోస్టాఫీసు ఆర్డీలో వేసుకోండి.

ఒక్క జాగ్రత్త. క్లెయిమ్‌కు బిల్లులు, వ్యాక్సిన్ కార్డు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న చీటీ కావాలి. బిల్లు లేకుండా చేతికి డబ్బిచ్చి చేయించుకున్న వైద్యానికి క్లెయిమ్ రాదు. కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, టోల్ ఫ్రీ నంబర్ 155255.