నాటి స్పిట్‌ఫైరు, నేటి స్పిట్‌ఫైరు

శబ్దముతో పని చేయు వృత్తి మాది. కావున ఒక పాత యుద్ధవిమానపు కథను దాని శబ్దముతోనే ఆరంభింతుము. పండ్రెండు సిలిండర్ల మెర్లిన్ ఇంజను మ్రోత నేటికిని ఇంగ్లండు ఆకాశమున అప్పుడప్పుడు వినబడును. 1957లో ఏర్పడి, నేడు లింకన్‌షైరులోని కానింగ్స్‌బీ స్థావరమున నున్న వాయుసేన స్మారకదళమువారు స్పిట్‌ఫైరులను మరమ్మతు చేసి ఎగురునట్లు కాపాడుచున్నారు. వానిని చూచినవారికి ఒక ప్రశ్న తోచుట సహజము: యుద్ధకాలమునాటి సత్తువ వీనికి నేడును కలదా?

ఈ విమానముతో మనకును కొంత బాంధవ్యము కలదు. 1940లో స్పిట్‌ఫైరులతో ఇంగ్లండు దక్షిణతీరమును కాచిన దళములలో 152వ దళమునకు హైదరాబాదు దళమని పేరు. నిజాము విరాళమునకు గుర్తుగా ఆ పేరు పెట్టిరి. దళచిహ్నమున నిజాము తలపాగాను చిత్రించిరి.

స్పిట్‌ఫైరు 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరెను. సైన్యమునకు అందిన తొలిరకము 18,000 అడుగుల ఎత్తున గంటకు సుమారు 570 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. 1940లో 87 ఆక్టేను పెట్రోలుకు బదులు 100 ఆక్టేను పెట్రోలు వచ్చెను. దానితో, సుమారు 1,000 అశ్వశక్తి గల ఇంజను తక్కువ ఎత్తులందు 1,300 అశ్వశక్తి చూపగలిగెను. అయితే ఆ అదనపు బలము ఆపద సమయమున ఐదు నిమిషములకు మాత్రమే. దానిని వాడిన పైలటు, దిగిన పిదప ఆ సంగతి తెలుపవలెను. ఇంజను అంతగా అరిగెడిది.

నేటి విమానము ఒక విషయమున నాటిదానికన్న మెరుగు. అది తేలిక. నాడు రెక్కలలో ఎనిమిది మెషీన్‌గన్నులు, 2,400 తూటాలు ఉండెడివి. ఆగకుండ కాల్చినచో ఆ తూటాలన్నియు సుమారు 15 సెకండ్లలో అయిపోవును. ఆ గన్నులు, తూటాలు, పైలటు వెనుకనుండు ఉక్కురేకు తీసివేసినచో నూరు కిలోగ్రాములకు మించిన బరువు తగ్గును. అంతే శక్తిని వాడినచో నేటి విమానము మరింత చురుకుగా పైకెగయవలెను.

కాని అంత శక్తిని నేడెవరును వాడరు. 1944లో ఇంజనులను మరింత ఒత్తిడితో నడుపుటకు వాడిన 150 రకపు పెట్రోలు నేడు బంకులలో దొరకదు. లోహము ముదిరినది, చెడిన భాగమును క్రొత్తగా చేయించవలెను. ఎత్తున గాలిని కూర్చి ఇంజనుకందించు సూపర్‌చార్జరు ప్రతిభ, జనుల తలలపై కొన్ని వందల అడుగుల ఎత్తున ఎగురు ప్రదర్శనలో బయటపడనే పడదు.

కానింగ్స్‌బీలోని పి 7350 అను విమానము 1940 అక్టోబరులో దెబ్బతిని పొలమున దిగినది. ఆనాటి తూటాల రంధ్రములకు వేసిన అతుకులు దాని రెక్కపై నేటికిని కలవు. 1948లో దానిని తుక్కుక్రింద 25 పౌనులకు అమ్మిరి. కొన్నవారు దాని చరిత్ర తెలిసికొని తిరిగి వాయుసేనకే ఇచ్చిరి. 1968లో ఒక చలనచిత్రము కొరకు అది మరల ఎగిరెను.

నాడు మనిషి ప్రాణమును, క్రింది పట్టణమును కాపాడుటకు ఇంజనును అరగదీసిరి. నేడు ఇంజను అరగకుండుటకై పైలటు చేయి బిగబట్టుచున్నాడు. అంకెలలోని భేదమునకు ముఖ్యకారణమిదియే. ఇంత జాగ్రత్త పడినను ప్రమాదము తొలగిపోలేదు: 2024 మే 25న ఆ దళపు స్పిట్‌ఫైరొకటి కానింగ్స్‌బీ సమీపమున కూలి, పైలటు మరణించెను. ఆ మ్రోతను మనకు వినిపించుటకు ఒక మనిషి ఇంకను ఒంటి ఇంజనును నమ్ముకొని గాలిలోనికి పోవలసియున్నది. విన్నప్పుడు ఆ సంగతి మరువకుందుము.